మూడు కుర్చీలూ నిండుగా

ఒకప్పుడు నా తల ఎప్పుడు చూసినా ఇవాళే కటింగ్ చేయించుకున్నట్టు ఉండేది. బేకరీలో నాతోపాటు వ్యాన్లు నడిపేవాళ్ళు "ఏం గురూ, రోజూ నీకే ఇంటర్వ్యూలా?" అని ఏడిపించేవారు. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. అసలు సంగతి చెబితే మా బావ పరువు పోతుందని భయం. ఇప్పుడా భయం లేదు. తన పరువు సంగతి ఆయనే నలుగురి ముందూ తేల్చేసుకున్నాడు.

మా బావది కటింగ్ షాపు. బస్టాపుకీ గిడ్డంగులకీ మధ్యనున్న ఇరుకు వీధిలో ఉంటుంది. మూడు కుర్చీలు, మూడు అద్దాలు, గోడవారగా ఒక బెంచీ. ఒకప్పుడు ఇద్దరు పనివాళ్ళుండేవారు. మలుపులో అద్దాల తలుపులతో, ఏసీతో కొత్త సెలూన్ వచ్చాక ఒకరి వెనక ఒకరు అటు వెళ్ళిపోయారు. కుర్చీలు మాత్రం మూడూ ఉండిపోయాయి. ఒకటైనా అమ్మేద్దామని మా అక్క అంటే బావ వినలేదు.

"కుర్చీ తీసేస్తే ఖాళీ చోటు కనపడుతుంది. చోటు కనపడితే ఏమైందని అడుగుతారు" అన్నాడు.

ఎవరేం అడిగినా బావ దగ్గర ఒకటే జవాబు. షాపు ఎలా ఉందంటే బాగానే ఉంది. ఒంట్లో ఎలా ఉందంటే బాగానే ఉంది. ఎడమ దవడతో నమలడం మానేసి ఏళ్ళు గడుస్తున్నా, పన్ను ఎలా ఉందంటే అదీ బాగానే ఉంది. ఇది గొప్పలకు పోవడం కాదు. షాపు పెట్టిన కొత్తలో ఎవరో ఒకాయన గుమ్మం దాకా వచ్చి, లోపల ఖాళీ కుర్చీలు చూసి, బావ ముఖం చూసి, ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకుంటూ వెనక్కి వెళ్ళిపోయాడట. ఖాళీ షాపులోకి ఎవరూ అడుగుపెట్టరని బావకి ఆ రోజే అర్థమైపోయింది.

మా వీధి పద్ధతి అప్పుడు పుట్టింది. షాపు ఖాళీగా ఉన్నప్పుడు వీధి చివర కొత్త మనిషి ఎవరైనా కనపడితే, బావ గుమ్మంలో నిలబడి కత్తెర గాల్లో టకటకలాడించేవాడు. ఆ చప్పుడు వినగానే మేం వెళ్ళి కుర్చీల్లో కూర్చోవాలి. మేం అంటే నేను, ఎదురుగా తాళాలు బాగుచేసే ఆయన, పక్కన టీ కొట్టాయన. తెల్లవారుజామున రొట్టెలు వేసి వచ్చేస్తే మిగతా రోజంతా నేను ఖాళీయే కాబట్టి, ఎక్కువసార్లు బలయ్యేది నా తలే. ఊరికే కూర్చుంటే చూసేవాళ్ళకి అనుమానం వస్తుందని బావ కాస్త కాస్త కత్తిరిస్తూ ఉండేవాడు. అందుకే నా జుట్టుకి పెరిగే యోగం లేకుండా పోయింది. దీనికి బదులుగా తాళాలాయన కిటికీ దగ్గర ఎవరూ లేనప్పుడు, బావ వెళ్ళి తాళంచెవుల గుత్తి పట్టుకుని, పని ఎప్పుడవుతుందా అని ఎదురుచూస్తున్నట్టు విసుక్కుంటూ నిలబడతాడు. విసుక్కోవడం మాత్రం ఆయన అద్భుతంగా చేస్తాడు.

మా మేనకోడలు పిట్ట పెరిగింది కూడా ఆ కుర్చీల్లోనే. అసలు పేరు బడిలో తప్ప ఎక్కడా వినపడదు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది కాబట్టి పిట్ట. బడి నుంచి రాగానే కిటికీ పక్క కుర్చీలో, చేతుల మీద అడ్డంగా వేసిన పీట మీద కూర్చుని, మెడకి గుడ్డ కట్టించుకుని, ఆ గుడ్డ కింద పుస్తకం పెట్టుకుని చదువుకునేది. పదేళ్ళు నిండేదాకా దాని జుట్టు చెవులు దాటలేదు. తర్వాత ఎదురు తిరిగింది.

"చదువుకోడానికైతే కూర్చుంటాను నాన్నా, కత్తెర మాత్రం తగలనివ్వను" అంది.

అక్కడ కూర్చునే అది జనాల పళ్ళు చూడటం నేర్చింది. గడ్డం గీసేటప్పుడు బావ బుగ్గ సాగదీస్తే లోపలి పళ్ళు అద్దంలో కనపడతాయి కదా. కస్టమరు వెళ్ళిపోయాక "ఆయన కింది పన్ను పుచ్చిపోయింది, చెప్పాల్సింది నాన్నా" అనేది. బావ దవడ సంగతి కూడా అదే ముందు కనిపెట్టింది. అడిగితే వచ్చిన జవాబు మీకు తెలిసిందే. చివరికి పంటి డాక్టరు చదువుతానని పరీక్ష రాసి, సీటు తెచ్చుకుంది. బావ పొంగిపోయాడు. "తలకాయకి పైపని నాది, లోపలిపని దానిది. ఇంక బయటివాళ్ళకి ఏం మిగలదు" అని వీధంతా తిరిగి చెప్పాడు.

ఫీజు కాగితం వచ్చేదాకా ఆ సంబరం నిలిచింది. అక్క ఆ అంకె చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. అంకె అలాగే ఉంది.

"సాయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చమ్మా. నేను అంతా చదివాను" అంది పిట్ట. భోజనాల బల్ల దగ్గర మమ్మల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పింది. సాయం మూడు రకాలట. మొదటిది కాలేజీ ఇచ్చేది, తిరిగి కట్టక్కర్లేదు. రెండోది చదువుకుంటూ కాలేజీలోనే కొన్ని గంటలు పనిచేస్తే ఇచ్చేది. మూడోది అప్పు, చదువయ్యాక వడ్డీతో తీర్చాలి. ఫీజులోంచి మన ఇల్లు భరించగలిగినంత తీసేస్తే మిగిలింది మన అవసరం. ఆ అవసరం ఎంతో చూసి వాళ్ళు ఈ మూడింట్లోంచి కలిపి ఇస్తారు.

"మన అవసరం ఎంతో వాళ్ళకెలా తెలుస్తుంది?" అన్నాడు బావ.

"మనమే చెప్పాలి నాన్నా. ఇంట్లో ఎంతమంది, షాపు మీద ఎంత వస్తుంది, అన్నీ."

బావ ముఖం ముడుచుకుంది. కాసేపు పళ్ళెంలో వేలితో గీతలు గీశాడు. తర్వాత, "కాగితం మీదైతే సరే. అది మన వీధిలోవాళ్ళు చదవరుగా" అన్నాడు. ఆ సాయంత్రం అక్క చెప్తుంటే పిట్ట కంప్యూటర్లో టైపు చేసింది. బావ అద్దాలు తుడిచే గుడ్డలు మడతపెడుతూ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అక్క ఒక్క అంకె కూడా పెంచలేదు, తగ్గించలేదు. అంతా నిజమే రాశారు.

కొన్నాళ్ళకి ఉత్తరం వచ్చింది. సొంత వ్యాపారం ఉన్న ఇళ్ళకి తమ మనిషి వచ్చి స్వయంగా చూసి వెళ్తారని అందులో రాశారు. ఏ రోజన్నది చెప్పలేదు. సర్టిఫికెట్లు చూపించే పని మీద కాలేజీకి బయల్దేరుతూ పిట్ట బావకి మరీ మరీ చెప్పింది. "ఎవరైనా వస్తే షాపు ఉన్నది ఉన్నట్టు చూపించు నాన్నా. అంతకంటే ఏం చెయ్యొద్దు."

"నాకు చెప్పాలా?" అన్నాడు బావ. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ మాట మీద నేను ప్రమాణం చేయగలను.

ఆ మధ్యాహ్నమే వీధి చివర ఒకావిడ కనపడింది. చంకలో ఫైలు, చేతిలో సంచీ, ప్రతి షాపు బోర్డూ చదువుకుంటూ వస్తోంది. షాపులో ఈగ కూడా లేదు. బావ ఆవిడని చూశాడు. చూశాక ఆయన చెయ్యి దాని పని అది చేసేసింది. కత్తెర టకటకలాడింది.

నేను పరుగెత్తాను. తాళాలాయన పరుగెత్తాడు. టీ కొట్టాయన పాలు పొయ్యి మీదే వదిలేసి పరుగెత్తాడు. ఆవిడ గుమ్మంలోకి వచ్చేసరికి మూడు కుర్చీలూ నిండుగా ఉన్నాయి. నా ముఖం నిండా సబ్బు నురగ. ఆవిడ ఎవరో, ఎందుకొచ్చిందో మా నలుగురిలో ఏ ఒక్కరూ ఒక్క క్షణం ఆగి ఆలోచించలేదు. ఇన్నేళ్ళ అలవాటు మరి.

"కాలేజీ నుంచి వచ్చానండి. సాయం విభాగం" అందావిడ.

"రండి మేడమ్, రండి. చోటు లేదు, ఏమీ అనుకోకండి. ఆ బెంచీ మీద సర్దుకోండి" అన్నాడు బావ. గొంతులో గర్వం పొంగుతోంది. తన కూతురి కాలేజీ మనిషి గడపలోకి వస్తే షాపు కళకళలాడుతూ ఉంది. ఆయనకి అంతకంటే ఏం కావాలి?

"ఇక్కడెప్పుడూ ఇంతేనండి. గంట ఆగితే గానీ కుర్చీ దొరకదు" అన్నాడు తాళాలాయన, అడగకుండానే. మేడమ్‌కి టీ తెప్పించాలని బావ కేకేశాడు. నా పక్క కుర్చీలో మెడకి గుడ్డతో ఉన్న టీ కొట్టాయన అలవాటు కొద్దీ "ఇదిగో" అంటూ లేవబోయాడు. బావ ఆయన భుజం మీద చెయ్యేసి నొక్కి కూర్చోబెట్టాడు. ఆవిడ కాసేపు చూసింది. ఏదో రాసుకుంది. దండం పెట్టి వెళ్ళిపోయింది.

సాయంత్రం పిట్ట రాగానే బావ ఎదురెళ్ళి అంతా చెప్పాడు. చెప్పేటప్పుడు మధ్యలో చేతులు కూడా ఊపాడు. పిట్ట వింటూ వింటూ సంచీ దించి, మెల్లిగా బెంచీ మీద కూర్చుంది.

"నాన్నా, ఆవిడ వచ్చింది మనకి లేదని చూడటానికి."

బావ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. టీ కొట్టాయన తన కొట్టులోకి జారుకున్నాడు. నాకైతే ఆ పిల్ల ముఖంలోకి చూసే ధైర్యం లేకపోయింది. అరిచినా బాగుండేది. అరవలేదు. చీపురు తీసుకుని, నా తల మీంచి రాలిన వెంట్రుకలు ఊడ్చింది.

అనుకున్నంతా అయింది. ఫారంలో రాసినదానికీ కళ్ళారా చూసినదానికీ పొంతన లేదని, సాయం ప్రస్తుతానికి ఆపేశామని, సంజాయిషీ ఉంటే వచ్చి చెప్పుకోమని కబురు వచ్చింది. ఫీజు గడువులోగా తేలకపోతే సీటు వరసలో తర్వాతి పిల్లకి వెళ్ళిపోతుంది. అక్క రెండు రోజులు బావతో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడింది గానీ, మాట్లాడకపోయినా బాగుండేదనిపించింది.

"వీధిలోవాళ్ళ కళ్ళు నింపడానికి కన్నకూతురి నోట్లో మట్టి కొట్టావు" అంది.

కళ్ళద్దాల షాపులో పని చూసుకుంటానని, వచ్చే ఏడు మళ్ళీ చూద్దామని పిట్ట అంది. తేలిగ్గానే అంది. బావకి ఆ రాత్రి ముద్ద దిగలేదు. కుడి దవడా పనిచేయలేదు.

మర్నాడు నేనూ, బావా, పిట్టా కాలేజీకి వెళ్ళాం. చిన్న గది, బల్ల వెనక అదే మేడమ్. తలుపు వేసి ఉంది, బయటివాళ్ళెవరూ వినరు.

"ఫారంలో ఒకటి రాశారు, నేను చూసింది ఇంకొకటి. దేన్ని నమ్మాలి?" అందావిడ. గొంతులో కోపమేమీ లేదు.

"ఆ రోజు కొంచెం... రద్దీ..." బావ నీళ్ళు నమిలాడు. తలుపు వేసి ఉన్న గదిలో కూడా ఆయనకి ఆ మాట నోట్లోంచి రాలేదు. నాకు ఒళ్ళు మండింది, జాలీ వేసింది. పిట్ట అందుకుంది. కత్తెర చప్పుడు దగ్గర్నుంచీ చెప్పింది. ఆవిడ నా తలవైపు చూసింది.

"గోడ పక్క కుర్చీలో సబ్బు నురగతో ఉన్నది మీరేనా?"

"నేనేనండి."

"మరి గంట ఆగాలి అన్నాయన?"

"ఆయన ఎదురు షాపులో తాళాలు బాగుచేస్తాడండి."

ఆవిడ పెదవులు బిగించుకుంది. నవ్వు ఆపుకోడానికే అని ఇప్పటికీ నా నమ్మకం. "నేను నమ్ముతాను. కానీ నమ్మానని రాస్తే చెల్లదు. చూశానని రాయాలి. మళ్ళీ వస్తాను. ఎప్పుడన్నది చెప్పను" అంది.

లేచేముందు బావ అడిగాడు. "ఒక్క మాట మేడమ్. ఇది ధర్మం చెయ్యడమా?"

"కాదండి. ఫీజు అందరికీ ఒకటే పెట్టాం, ఇళ్ళు అందరివీ ఒకటి కావు. ఆ తేడా పూడ్చడం మా పని. ఎంత పూడ్చాలో తెలియాలంటే గొయ్యి ఎంత లోతో మీరు చూపించాలి."

బావ బస్సు దిగి నేరుగా షాపుకి వెళ్ళాడు. షాపు తాళం తీసి, కత్తెర కడిగి, తుడిచి, సొరుగులో పెట్టాడు. ఎవరైనా నిజంగా వస్తేనే తీస్తానన్నాడు.

ఆ తర్వాతి రోజులు నేను మరిచిపోలేను. మూడు కుర్చీలూ ఖాళీ. బావ బెంచీ చివర కూర్చుని ఉండేవాడు, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. వచ్చేపోయేవాళ్ళు లోపలికి ఓ చూపు విసిరి వెళ్ళేవారు. ప్రతి చూపుకీ ఆయన మెడ ఇంకాస్త వంగేది. తాళాలాయన కాలు నిలవక నాలుగుసార్లు రోడ్డు దాటి వచ్చాడు. పిట్ట గుమ్మంలో చేతులు అడ్డంపెట్టి వెనక్కి పంపింది. నా తల మీద జుట్టు చెవుల మీదకి దిగింది. అద్దంలో చూసుకుంటే ఎవరో కొత్తవాడిలా ఉన్నాను.

ఇక విధి ఆడిన ఆట వినండి. గడువు దగ్గర పడింది. ఆ పొద్దున గిడ్డంగిలో పనివాళ్ళని తీసుకుంటున్నారట. ముగ్గురు కుర్రాళ్ళు ఊపిరాడకుండా పరుగెత్తుకొచ్చి, "అర్జంటుగా కటింగ్, గడ్డం" అంటూ మూడు కుర్చీల్లోనూ కూలబడ్డారు. వాళ్ళ వెనకే నాలుగోవాడొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. బావ ముఖంలోకి రక్తం వచ్చింది. సొరుగు లాగి కత్తెర తీశాడు. మెడలకి గుడ్డలు కట్టాడు. ఎన్నాళ్ళకో ఆయన చేతులు అంత హాయిగా ఆడటం చూశాను. మొదటివాడికి కటింగ్ ముగించి, గడ్డం తడిపి ఉంచి, మధ్య కుర్చీలో కుర్రాడి ముఖానికి నురగ రాసి, ఒక బుగ్గ గీశాడో లేదో, గుమ్మంలో పిట్ట "నాన్నా" అంది.

వీధిలో మేడమ్ వస్తోంది. చంకలో అదే ఫైలు.

బయటికి ఉరికి ఆవిడని టీకి పిలిచి కాసేపు ఆపుదామా అనుకున్నాను. అంతలోనే ఆవిడ గుమ్మం ఎక్కేసింది. మూడు కుర్చీలు చూసింది. బెంచీ మీద నాలుగో మనిషిని చూసింది. తర్వాత బావని చూసింది. ఆ చూపులో ఉన్నది కోపం కాదు, ఇంక చేయగలిగిందేమీ లేదన్న దిగులు. పిట్ట తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

బావ ఇప్పుడు నిజం చెబితే ఆ నలుగురు కుర్రాళ్ళూ వింటారు. తలుపు తెరిచి ఉంది, బస్టాపులో జనం వింటారు, మలుపులో సెలూన్ కుర్రాడు మెట్ల మీద నిలబడి ఇటే చూస్తున్నాడు, వాడూ వింటాడు. బావ వీటన్నిటినీ చూశాడు. కత్తి తుడిచి బల్ల మీద పెట్టాడు.

"మేడమ్, ఇవాళ మీరు చూస్తున్నదాన్ని బట్టి రాయకండి" అన్నాడు. గొంతు సవరించుకుని మళ్ళీ, ఈసారి వీధికంతా వినపడేటట్టు అన్నాడు. "ఈ నలుగురూ నిజం కస్టమర్లే. గిడ్డంగిలో ఏదో పని ఉందని ఇవాళ వచ్చారు. వాళ్ళకి ముందు ఈ కుర్చీల్లో మనిషన్నవాడు కూర్చుని ఎన్నాళ్ళయిందో నా కూతుర్ని అడగండి. మీరు మొన్న చూసినవాళ్ళు మా బావమరిది, తాళాలాయన, టీ కొట్టాయన. నేనే పిలిచి కూర్చోబెట్టాను. నా షాపు ఖాళీగా ఉంటుంది మేడమ్. పొద్దున తెరిచింది మొదలు మూసేదాకా ఖాళీగా ఉంటుంది. చాలా ఏళ్ళుగా."

ఒక బుగ్గకి నురగతో ఆ కుర్రాడు అద్దంలోంచి బావనే చూస్తున్నాడు. మేడమ్ వాడివైపు తిరిగి, "మీరెప్పుడైనా ఇక్కడికి వచ్చారా?" అని అడిగింది.

"లేదండి. ఆ మలుపు సెలూన్లో రద్దీగా ఉంది. ఆలస్యమవుతుందని ఇటొచ్చాం" అన్నాడు వాడు. పాపం, వాడికి అబద్ధమాడే అవసరం ఏముంది?

మేడమ్ ఫైలు తెరిచి నిలబడే రాసింది. పిట్టని రెండు ప్రశ్నలు అడిగింది, వీధి దాటి తాళాలాయన్ని నాలుగు అడిగింది. ఆయన అంత ముక్తసరిగా జవాబులు చెప్పడం నేను చూడటం అదే మొదటిసారి. వెళ్తూ వెళ్తూ ఆవిడ బావకి దండం పెట్టింది. బావ చేతులు తడిగా ఉన్నాయి, అలాగే జోడించాడు. తర్వాత మధ్య కుర్చీ దగ్గరికొచ్చి, ఆరిపోయిన నురగ తుడిచి, కొత్తగా రాసి, రెండో బుగ్గ గీశాడు. ఒక్క గాటు పడలేదు. నాకు కళ్ళు నిండాయి. దుమ్ము పడిందని చెప్పుకుని బయటికొచ్చేశాను.

గడువుకి ఒక్క రోజు ముందు సాయం మంజూరైంది. చాలావరకు తిరిగి కట్టక్కర్లేనిదే. కాస్త లైబ్రరీలో పని, ఇంకాస్త అప్పు. పిట్ట కాలేజీకి వెళ్ళిన వారంలోనే బావ ఒక కుర్చీ అమ్మేశాడు. చోటు కనపడింది. ఎవరూ ఏమైందని అడగలేదు. నురగ కుర్రాడికి గిడ్డంగిలో పని దొరికింది, నెలకోసారి వస్తాడు. మిగతా ముగ్గురి జాడ లేదు. తాళాలాయన కిటికీ దగ్గరికి మాత్రం బావ ఇప్పటికీ వెళ్ళి నిలబడుతూనే ఉన్నాడు. అది ఆయన పరువు, నేను పాడుచెయ్యలేను అంటాడు.

మూడేళ్ళు గడిచాక ఓ మధ్యాహ్నం పిట్ట ఫోన్ చేసింది. "మామయ్యా, మాకు ప్రాక్టీసుకి పేషెంట్లు కావాలి. ఇవాళ నా కుర్చీ ఖాళీగా ఉంది. మార్కులు పోతాయి."

ఖాళీ కుర్చీ నింపడం మాకు ఎవరైనా నేర్పాలా? బావ షట్టరు దించాడు. ఇద్దరం బస్సెక్కాం.

పెద్ద హాలు. వరసగా కుర్చీలు, ప్రతి కుర్చీ పక్కనా తెల్లకోటు వేసుకున్న పిల్లలు. మధ్యలో మార్కులు వేసే పెద్ద డాక్టరు తిరుగుతున్నాడు. పిట్ట కుర్చీ కిటికీ పక్కనే ఉంది. నేను అలవాటుగా వెళ్ళి అందులో కూర్చుని, మెడ కూడా చాపాను.

"లే మామయ్యా" అంది పిట్ట. "నీ పళ్ళు గుర్రం పళ్ళు, ఒక్కటీ పుచ్చలేదు. ఇక్కడ ఉత్తినే కూర్చుంటే కుదరదు. నాన్నని కూర్చోనీ."

లేచాను. బావ కూర్చున్నాడు. ఆయన జీవితమంతా కుర్చీ వెనకే నిలబడ్డాడు, కుర్చీలో కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. పిట్ట ఆయన మెడకి గుడ్డ కట్టింది. పెద్ద డాక్టరు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇంకో నలుగురు పిల్లలు చుట్టూ మూగారు.

"ఎలా ఉంది నాన్నా?" అంది పిట్ట.

"బా..." అన్నాడు బావ. అని ఆగాడు. చుట్టూ ఉన్న ముఖాలు ఒకసారి చూశాడు. నావైపు చూశాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"నొప్పిగా ఉందమ్మా" అన్నాడు. "చాలా ఏళ్ళుగా."

"తెలుసు నాన్నా. నోరు తెరువు" అంటూ పిట్ట దీపం దగ్గరికి లాగింది.